చిన్నబండిలో అడవికి

సూరత్ మరమగ్గాల మధ్య పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఒక్క పగటిలో అడవిని చూపించి తిరిగి ఇల్లు చేర్చే రైలు ఒకటున్నది. దాని వేగం గంటకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అదే దాని గొప్పతనం.

తెల్లవారుజామున ఐదు గంటలు. సూరత్ నగరంలో, లింబాయత్ పేటలోని ఒక ఇరుకు సందులో, రాత్రి పాళీ ముగించుకుని వచ్చిన ఒక సాంచెల కార్మికుడు ఆ రోజు నిద్రకు ఉపక్రమించలేదు. ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. లోపల అతని భార్య సకినాలను ఒక డబ్బాలోనూ, సర్వపిండి ముక్కలను మరొక డబ్బాలోనూ సర్దుతున్నది. కరీంనగరం వైపు పల్లె నుంచి వచ్చిన నాయనమ్మ అప్పటికే తల దువ్వుకుని గడపలో కూర్చున్నది. ఎనిమిదేళ్ల పెద్దపిల్ల చెప్పులు వేసుకుని నిలుచున్నది. నాలుగేళ్ల చిన్నవాడు మాత్రం చాపమీద అడ్డంగా పడుకుని, లేవనంటే లేవనని మొరాయిస్తున్నాడు.

“బండి పోతది లే కొడుకా!” అన్నది నాయనమ్మ.

ఆ మాటతో వాడు కళ్లు తెరిచాడు. “ఊరికా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నలో ఒక తరం బాల్యమంతా ఉన్నది. సూరత్‌లోని తెలుగు నేతగాళ్ల పిల్లలకు రైలంటే ఒక్కటే అర్థం. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి, పెళ్లికో చావుకో, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వంటి బండిలో కాళ్లు చాపుకోను చోటు లేకుండా ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం చేసి, తపతీ లోయ మీదుగా, వార్ధా, బల్లార్షాల మీదుగా వరంగల్లులో దిగడం. రైలు వినోదానికి కూడా ఉంటుందనీ, పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చుననీ ఆ పిల్లలకు తోచదు.

“ఊరికి కాదు. అడవికి,” అన్నాడు తండ్రి.

మంచుకొండకూ రైలు, అడవికీ రైలు

పసిపిల్లలను వెంటబెట్టుకుని రైలెక్కి, ఒక్క రోజులో ప్రకృతిని చూపించి తీసుకురావడం లోకంలో చాలాచోట్ల కుటుంబాలకు అలవాటైన ముచ్చట. జపానులో టోక్యో నగరవాసులు ఉదయం షింకాన్‌సెన్ రైలెక్కితే గంటంబావు, గంటన్నర లోపల గాలా యుజావా స్టేషను చేరుకుంటారు. 1990 డిసెంబరులో తెరిచిన ఆ స్టేషను నుంచే మంచువాలుకు దారి. పిల్లలు కాళ్లకు పలకలు కట్టుకుని సాయంత్రం దాకా మంచుమీద జారి, రాత్రి భోజనానికి ఇల్లు చేరుతారు. అమెరికాలో డెన్వర్ నుంచి వింటర్ పార్కుకు 1940లో మొదలైన మంచు రైలు ఏడు దశాబ్దాల పాటు నడిచి 2009లో ఆగిపోయింది. జనం దానిని మరచిపోలేదు. 2017లో అది మళ్లీ పట్టాలెక్కింది.

సూరత్‌కు మంచు లేదు. తపతీ నది సముద్రంలో కలిసే ఆ ఉక్కపోత నగరంలో పిల్లలు ఎరిగిన చల్లదనం ఐస్‌గోళాలదే. కాని నగరానికి ఆగ్నేయంగా, సహ్యాద్రి తొలిమెట్ల మీద, డాంగ్ అనే అరణ్యసీమ ఉన్నది. అక్కడికి తీసుకుపోవడానికి నూరేళ్లకు పైబడిన వయసుగల ఒక బుల్లి రైలున్నది. బిలిమోరా నుంచి వఘయి దాకా అరవైమూడు కిలోమీటర్లు సాగే ఆ మార్గంలో పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. పెద్దలు దానిని నారోగేజి అంటారు. చూసిన పిల్లలు “చిన్నబండి” అంటారు.

తీరం వెంట యాభై కిలోమీటర్లు

బిలిమోరా సూరత్‌కు దక్షిణాన బొంబాయి దారిలో ఇంచుమించు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చిన్నబండి ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు బయలుదేరేటట్లు 2021లో సమయం నిర్ణయించారు. పసివాళ్లతో వెళ్లేవారు ఏడు, ఎనిమిది గంటల నడుమ సూరత్‌లోనో, లింబాయత్‌కు దగ్గరైన ఉధనాలోనో బండి ఎక్కితే తొందరపాటు ఉండదు. రైలు సమయాలు మారుతూ ఉంటాయి గనుక ముందురోజు స్టేషనులో విచారించుకోవడం వివేకం. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. ఆపైన పన్నెండేళ్లలోపు వారికి మామూలు పెట్టెలో సగం టికెట్టు చాలు.

ఈ పట్టాలకు పెద్ద చరిత్రే ఉన్నది. బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ 1860లో అంకలేశ్వర్ నుంచి, తపతీకి ఆవలి ఒడ్డున సూరత్‌కు ఎదురుగా ఉన్న ఉత్రాణ్ వరకు తొలి మార్గం తెరిచింది. 1864 నాటికి బొంబాయితో సంబంధం ఏర్పడింది. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే సూరత్‌కు తెలుగుదేశంతో ఒక పోలిక కుదిరింది. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ స్థావరాలు నెలకొల్పారు. రెండు చోట్లా వారిని ఆకర్షించినది ఒకటే, బట్ట.

ఆ బట్టే తరువాతి కాలంలో తెలుగువారిని సూరత్‌కు రప్పించింది. గత శతాబ్దపు ద్వితీయార్ధంలో చేమగ్గం చితికిపోయిన తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు షోలాపురం, భీవండి, బొంబాయి నగరాలకు వలస వెళ్లినట్లే సూరత్‌కూ వచ్చాయి. మార్కండేయుని వంశస్థులమని చెప్పుకునే ఆ నేతగాళ్లు మరమగ్గాల ముందు నిలబడ్డారు. వారి భాషలో అవి సాంచెలు. నాడె కొట్టే చప్పుడులో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. పాళీకి పన్నెండు గంటలు. ఇంటి దగ్గర ఆడవాళ్లు చీరలకు రాళ్లు అతికించి, అంచులు కుట్టి, ముక్కకు ఇంతని సంపాదిస్తారు. నేసిన గజాలను బట్టి కూలి వచ్చేచోట ఒక రోజు విహారానికి వెళ్లడమంటే ఆ రోజు కూలిని వదులుకోవడం. అందుచేతనే ఇటువంటి ప్రయాణం నెలల తరబడి వాయిదా పడుతుంది.

ఈ కుటుంబానికి ఆ వాయిదా ఇక కుదరలేదు. నాయనమ్మ దసరా వెళ్లగానే ఊరికి పోతానన్నది. మోకాళ్ల నొప్పులు ముదిరాయి, మళ్లీ ఇంత దూరం రాలేనన్నది. పెద్దపిల్ల నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమం బడిలో మూడవ తరగతి చదువుతున్నది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు బడులతోపాటు తెలుగు బడులనూ నడపడం సూరత్ నగరపాలక సంస్థ ప్రత్యేకత. ఒక రాత్రి ఆ పిల్ల పాఠం చదువుతూ, “నాయనమ్మా, టేకు చెట్టు ఎట్లుంటది? గునుగు పువ్వు ఏ రంగుంటది?” అని అడిగింది. నాయనమ్మ చెప్పబోయి ఆగిపోయింది. ఆకు ఇంత ఉంటుందని చేతులు చాపి చూపింది. ఆ గదిలో చూపడానికి చేతులు తప్ప మరేమీ లేవు.

బండి సచిన్, మరోలీలు దాటింది. నవసారి వచ్చింది. జంషెడ్జీ టాటా 1839లో పుట్టిన ఊరు అదే. తరువాత వచ్చే ఒక చిన్న స్టేషను పేరు గాంధీస్మృతి. 1930 ఏప్రిల్ 6న మహాత్ముడు పిడికెడు ఉప్పు తీసిన దండి తీరానికి దారి ఆ పక్కనే. అమల్సాడ్ చేరేసరికి కిటికీకి రెండువైపులా సపోటా తోటలు కమ్ముకుంటాయి. సూరత్ బజారులో బుట్టలలో చూసిన పండు చెట్టుకు కాస్తుందని చిన్నవాడు అప్పుడే తెలుసుకున్నాడు.

గైక్వాడుల బుల్లి రైలు

బిలిమోరాలో పెద్దబండి దిగి చిన్నబండి దగ్గరికి వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడవలసినవి. అంతవరకు రైలంటే తమను మింగే ఆకారం. ఇది అటువంటిది కాదు. పెట్టెలు పొట్టివి, మెట్లు నేలకు దగ్గర, ఇంజను కూడా బొమ్మకొలువులో నుంచి తెచ్చిపెట్టినట్లున్నది. చిన్నవాడు దానిచుట్టూ తిరిగి వచ్చి, “బాపూ, ఇది కూడా పిల్లనా?” అని అడిగాడు.

పిల్ల కాదు, ముత్తవ్వ. బరోడా సంస్థానాధీశులైన గైక్వాడులకు చిన్న రైళ్లపై మక్కువ ఎక్కువ. మన దేశంలో తొలి నారోగేజి మార్గం 1862లో వారి సంస్థానంలోనే, మియాగాం, డభోయిల మధ్య పడింది. ఆనాడు ఆ పెట్టెలను ఎద్దులు లాగేవి. ఆవిరి యంత్రం తరువాత వచ్చింది. మూడవ సయాజీరావు ఏలుబడిలో, ఇరవయ్యవ శతాబ్దపు రెండవ దశాబ్దంలో, బిలిమోరా నుంచి తూర్పు అడవుల వైపు ఈ మార్గం మొదలైంది. దానికి కారణం విహారం కాదు, టేకు. డాంగ్ టేకుకు ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. ఆ అడవులకోసమే ఇంగ్లీషు ప్రభుత్వం 1842లో అక్కడి భిల్లు రాజులతో కౌలు ఒప్పందం చేసుకున్నది. ఆ రాజవంశీకులకు నేటికీ ప్రతి యేటా హోలీకి ముందు ఆహ్వా పట్టణంలో జరిగే డాంగ్ దర్బారులో లాంఛనంగా భరణం చెల్లిస్తారు. దుంగలను సముద్రతీరానికి చేర్చడానికి పుట్టిన రైలు, దుంగల కాలం చెల్లిన తరువాత మనుషులను మోయసాగింది. కూలికి పోయేవారిని, సంతకు పోయేవారిని, ఆస్పత్రికి పోయేవారిని.

మనుషులను మోసే రైలుకు లాభం రాదు. 2018లో రైల్వేశాఖ గుజరాతులోని ఐదు నారోగేజి మార్గాలను, మొత్తం 204 కిలోమీటర్లను, పారిశ్రామిక వారసత్వంగా కాపాడాలని నిశ్చయించినప్పుడు వాటిలో బిలిమోరా-వఘయి కూడా ఉన్నది. అయినా గండం తప్పలేదు. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా దేశంలో రైళ్లన్నీ ఆగినప్పుడు ఇదీ ఆగింది. ఆ డిసెంబరులో, గుజరాతులో ఆదాయం లేని పదకొండు చిన్న మార్గాలను శాశ్వతంగా మూసివేయాలన్న నిర్ణయం వెలువడింది. ఆ జాబితాలో దీని పేరు కూడా ఉన్నది. ఆదివాసులు అభ్యంతరం చెప్పారు, స్థానికులు గొంతు కలిపారు. చివరకు 2021 సెప్టెంబరులో చిన్నబండి మళ్లీ కూత వేసింది. విహారయాత్రికుల కోసం పెద్ద అద్దాల కిటికీలు గల ఒక శీతల పెట్టెను కూడా తగిలించారు.

ఇదే బిలిమోరాకు సమీపంలో బొంబాయి-అహమ్మదాబాదు బుల్లెట్ రైలుకూ ఒక స్టేషను కేటాయించారు. గంటకు 320 కిలోమీటర్ల వేగాన్ని ఉద్దేశించి ఆ మార్గం రూపొందింది. ఒకే ఊళ్లో ఇంతటి తారతమ్యం గల రెండు రైళ్లు ఉండడం లోకంలో అరుదు.

పసివాళ్లతో వెళ్లేవారు బిలిమోరాలోనే కొన్ని పనులు ముగించుకోవాలి. పిల్లలను స్టేషనులోని మరుగుదొడ్డికి తీసుకువెళ్లాలి, నీళ్ల సీసాలు నింపుకోవాలి. దారిలో పెద్ద అంగళ్లు లేవు గనుక సద్దిమూట వెంట ఉండాలి. తలుపు దగ్గర కూర్చోవద్దు. బండి నెమ్మదిగా పోతుందన్న ధైర్యంతో పిల్లలు కిటికీలోంచి చేతులు చాపుతారు, పట్టాల పక్క కొమ్మలు మరీ దగ్గరగా ఉంటాయి. వాన వెలిసిన తరువాతి నెలలు ఈ ప్రయాణానికి మేలు. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చుతుంది, వాగులు సన్నబడతాయి.

గంటకు ఇరవై కిలోమీటర్లు

బండి కదిలింది. గణదేవి దాకా చెరకు, మామిడి, సపోటా. చిఖ్లీ రోడ్డు, రాన్‌కువా, ఢోలికువా. పేర్లు పాటలా ఉన్నాయని పెద్దపిల్ల వాటిని పలకమీద రాసినట్లు గాలిలో రాసుకున్నది. అనావల్ దాటాక నేల మెల్లగా పైకి లేవసాగింది. ఎరుపు మన్ను కనిపించింది. వరిచేల వెనుక గుట్టలు, గుట్టల వెనుక మరికొన్ని గుట్టలు.

ఉనాయి స్టేషనులో చాలామంది దిగారు. అక్కడ వేడినీటి బుగ్గలూ, ఉనాయిమాత గుడీ ఉన్నాయి. వనవాసకాలంలో శ్రీరాముడు కుష్ఠుతో బాధపడుతున్న శరభంగ మహర్షికి స్వస్థత చేకూర్చడానికి బాణం వేసి భూమి నుంచి వేడినీటిని రప్పించాడని, సీతాదేవి అందులో స్నానమాడిందని స్థలపురాణం. ఆ కథను తోటి ప్రయాణికుడొకడు గుజరాతీలో చెబుతుంటే, పెద్దపిల్ల తెలుగులో నాయనమ్మకు చెప్పింది. మనుమరాలి నోట రామకథ వినడం ముసలామెకు కొత్త. ఎన్నడూ తాను చెప్పడమే గాని వినడం లేదు.

ఉనాయిలో ఎక్కిన ఒక డాంగీ స్త్రీ వారి ఎదుట కూర్చున్నది. ఆమె ఒడిలో ఒక మూట. కొంతసేపయ్యాక చిన్నవాడికి కడుపులో తిప్పింది. తల్లి కంగారుపడి వాడిని కిటికీ వైపు తిప్పింది. వాడు కక్కుకున్నాడు, ఏడ్చాడు, చొక్కా పాడు చేసుకున్నాడు. పిల్లలతో ప్రయాణమంటే ఇదీ ఒక భాగమే. డాంగీ స్త్రీ ఏమీ మాట్లాడకుండా తన చెంబులోని నీళ్లు అందించింది. వాడు తేరుకున్న తరువాత మూట విప్పి, ఒక నల్లని రొట్టె తుంచి వాడి చేతిలో పెట్టింది.

తల్లి సందేహించింది. నాయనమ్మ చెయ్యి చాచి ఆ రొట్టె ముక్క వాసన చూసి, నోట వేసుకున్నది. ఆమె ముఖం వెలిగింది.

“తైదరొట్టె!” అన్నది. “ఇది మన తైదరొట్టె బిడ్డా!”

డాంగీ స్త్రీ నవ్వి, “నాగ్లీ” అన్నది. “తైదలు” అన్నది నాయనమ్మ. “నాగ్లీ.” “తైదలు.” ఇద్దరూ ఒకరి మాట ఒకరు పలికి చూసుకున్నారు. ఆంధ్రప్రాంతంలో రాగులనీ చోళ్లనీ పిలిచే ఆ గింజ డాంగ్ కొండవాలుల మీద ముఖ్యమైన పంట. నాయనమ్మ డబ్బా తెరిచి నాలుగు సకినాలు ఆమె ఒడిలో పోసింది. ఆ తరువాత ఇద్దరికీ మాటలు లేవు, ఉన్నా అర్థం కావు. అయినా వఘయి దాకా వాళ్లిద్దరూ ఒకరి మోకాళ్లను ఒకరికి చూపించుకుంటూ ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు.

కేవ్డీ రోడ్డు తరువాత అడవి మొదలైంది. అది హఠాత్తుగా రాలేదు. ముందు రెండు చెట్లు, తరువాత పది, తరువాత లెక్క తప్పింది. పెట్టెలోకి వచ్చే వెలుతురు ఆకుపచ్చగా మారింది. నాయనమ్మ కిటికీ దగ్గరికి జరిగి, వేలు చాపి పేర్లు చెప్పసాగింది. అది టేకు. అది మోదుగ, దాని ఆకులతోనే విస్తర్లు కుడతారు. అది ఇప్ప. అదిగో వెదురు. పెద్దపిల్ల ప్రతి పేరును తిరిగి పలికింది. ఎక్స్‌ప్రెస్ బండిలో అయితే అడవి ఒక పచ్చని గీతగా మాయమవుతుంది. ఈ బండిలో చెట్టు చెట్టుగా కనిపిస్తుంది. పేరు చెప్పి, విని, మళ్లీ చెప్పించుకునేంత వ్యవధి ఉంటుంది.

కాలా అంబ అంటే నల్లమామిడి అని తండ్రి చెప్పాడు. చిన్నవాడు నల్లమామిడి కోసం వెతికాడు. దుంగర్డా దాటింది. అప్పుడే పట్టాల పక్కన, ఒక చేని గట్టు మీద, తెల్లగా, కొసన గులాబి రంగు తేలిన కంకులు గాలికి ఊగుతూ కనిపించాయి.

“అగో గునుగు!” అని నాయనమ్మ గట్టిగా అన్నది. పెట్టెలోని వారందరూ తిరిగి చూశారు.

అది భాద్రపద మాసాంతం. మరునాడు పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. సూరత్ పేటలలో తెలుగు ఆడపడుచులు ఏటా బతుకమ్మ ఆడతారు. కాని పూలు బజారులో కొన్న బంతిపూలు. పల్లెలో బతుకమ్మకు ముందురోజు పిల్లలు చేల వెంట పడి గునుగు, తంగేడు కోసుకువచ్చేవారు. కొనుక్కున్న పూలతో ఆడిన బతుకమ్మను నాయనమ్మ ఎన్నడూ ఆక్షేపించలేదు. మెచ్చుకోనూ లేదు.

డెబ్భై నిమిషాలు

సమయపట్టిక ప్రకారం బండి వఘయి చేరేది మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు. తిరుగు ప్రయాణం రెండున్నరకు. నడుమ వ్యవధి డెబ్భై నిమిషాలు. ఈ యాత్రలోని చిక్కు అంతా ఆ డెబ్భై నిమిషాలలోనే ఉన్నది. ఊరి సమీపంలోనే ఇరవైనాలుగు హెక్టార్ల వృక్షశాస్త్ర ఉద్యానం ఉన్నది, అందులో వెదుళ్లలోనే ఎన్నో జాతులు చూడవచ్చు. నాలుగు కిలోమీటర్ల లోపున, వానాకాలం తరువాత నిండుగా దూకే గీరా జలపాతం ఉన్నది. ఇంకా పైకి, యాభై కిలోమీటర్ల దూరాన, సాపుతారా విహారస్థలం. అన్నీ చూడాలనుకునేవారు రాత్రి అక్కడ బస చేయాలి. లేదా తిరుగు ప్రయాణానికి బస్సును ఆశ్రయించాలి. పసిపిల్లలతో, ముసలివారితో ఒక్క రోజుకు వచ్చినవారు ఏదో ఒకటి ఎంచుకోవాలి.

తండ్రి పిల్లలకు జలపాతం చూపిస్తానని మాట ఇచ్చాడు. స్టేషను బయట ఆటో కోసం చూశాడు. వెనక్కి తిరిగేసరికి చిన్నవాడు తల్లి భుజం మీద నిద్రపోతున్నాడు. నాయనమ్మ మెట్టు మీద కూర్చుని మోకాలు పట్టుకున్నది. అతనికి కోపం రాలేదు గాని దిగులు కలిగింది. ఒక రాత్రి నిద్ర, ఒక రోజు కూలి ఖర్చు చేసి ఇంత దూరం వచ్చి, చూపవలసినదానిని చూపకుండా తిరిగిపోవడమా?

“మీరు పొండ్రి. నేను ఈడనే ఉంట,” అన్నది నాయనమ్మ.

అప్పుడు పెద్దపిల్ల తండ్రి చెయ్యి లాగి, “బాపూ, నీళ్లు మళ్లొచ్చినప్పుడు చూద్దాం. నాయనమ్మ మళ్ల రాదు గదా. గునుగు కోద్దాం,” అన్నది.

పెద్దవారు లెక్కలు వేసుకుంటున్నప్పుడు పిల్లలు ఒక్కొక్కసారి తేల్చి చెబుతారు. వారు జలపాతానికి వెళ్లలేదు. ఊరి చివర, అడవి మొదలయ్యేచోట, ఒక మట్టిబాట పక్కన మోదుగ చెట్టు కింద దుప్పటి పరచుకున్నారు. సర్వపిండి తిన్నారు. పన్నెండు గంటలు నాడె చప్పుడులో గడిపే మనిషి చెట్టుకు ఆనుకుని కూర్చుని, పిట్టల అరుపు తప్ప మరేమీ వినిపించని ఆ చోట రెండు నిమిషాలలో నిద్రపోయాడు. భార్య అతనిని లేపలేదు. చిన్నవాడు నిద్ర లేచి, రాలిన టేకు ఆకు ఒకటి తెచ్చి తండ్రి ముఖం మీద కప్పి చూశాడు. ఆ ఒక్క ఆకే ముఖమంతా కప్పింది.

బాట పక్క చేని గట్టున ఉన్న రైతును తండ్రి మేలుకున్నాక గుజరాతీలో అడిగాడు. కలుపుమొక్క పూలను ఎవరు కోసుకుంటే ఏమిటన్నట్లు అతడు చెయ్యి ఊపాడు. నాయనమ్మ కూర్చున్నచోటు నుంచే ఆజ్ఞలు జారీ చేసింది. కాడ పొడుగ్గా ఉంచి తెంపాలి. మొగ్గది వద్దు. మట్టి అంటినది వద్దు. పెద్దపిల్ల ఒడినిండా తెంపుకు వచ్చింది. ముసలామె వాటిని మోదుగాకులో చుట్టి, తన కొంగు చింపి కట్టింది. తంగేడు దొరకలేదు. “గునుగున్నది గద, చాలు,” అన్నది.

రెండు గంటల ఇరవై నిమిషాలకు వారు మళ్లీ పెట్టెలో ఉన్నారు.

తిరిగి ఇంటికి

తిరుగుదారిలో పిల్లలు మొదటి అరగంట అల్లరి చేసి, తరువాత నిద్రపోయారు. సాయంకాలపు ఎండలో గుట్టలు వెనక్కి జరిగాయి. చెరకుతోటలు వచ్చాయి. ఐదున్నర దాటాక బిలిమోరా. అక్కడ ఉత్తరానికి పోయే బండిలో కిక్కిరిసిన జనం మధ్య నిలబడి, చిన్నవాడిని ఒకరి భుజం నుంచి మరొకరు మార్చుకుంటూ, రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరారు. సందులోకి రాగానే సాంచెల చప్పుడు మళ్లీ చెవులను తాకింది.

లాభనష్టాల పట్టికలో ఇటువంటి ప్రయాణానికి స్థానం లేదు. రైల్వేవారి లెక్కలో అది అర్ధం లేని మార్గం, ఒక కుటుంబం చెల్లించిన కొద్ది రూపాయల టికెట్టు దాని ఖర్చుకు ఏ మూలకూ రాదు. కార్మికుని లెక్కలో అది పోయిన కూలి. కాని ఒక బిడ్డ పాఠంలో చదివిన మాటకు ఎదురుగా ఒక చెట్టు నిలబడిందంటే, ఒక ముసలామె తన ఊరి రొట్టెను వేయి కిలోమీటర్ల అవతల గుర్తుపట్టిందంటే, ఆ లెక్క వేరొక పుస్తకంలో రాసుకోవలసినది. ఆ అరవైమూడు కిలోమీటర్లను 2020లో మూసివేసి ఉంటే ఆ పుస్తకంలో ఏమి కొట్టివేసినట్లయ్యేదో ఎవరూ చెప్పలేరు.

మరునాటి సాయంత్రం పేటలో బతుకమ్మ ఆడారు. పళ్లెంలో అడుగున బజారు బంతిపూలు, పైన వరుసలో గునుగు. సగం కంకులకు నాయనమ్మ రంగు అద్దింది, సగం తెల్లగానే వదిలింది. ఇరుగుపొరుగు స్త్రీలు చేతులతో తాకి చూసి, ఎక్కడివని అడిగారు.

“అడవిల కోసినం,” అన్నది పెద్దపిల్ల. కొంచెం ఆగి, ఇంకొక మాట చేర్చింది. “కాడ పొడుగ్గ ఉంచి తెంపాలె. లేకుంటే నిలబడయి.”

నాయనమ్మ ఏమీ అనలేదు. పాట ఎత్తుకున్నది.